గాలికోడి మెడ

నిలకడ లేనివాణ్ణి తిట్టడానికి మన భాషలో మాటలకు కరువు లేదు. గాలివాటం మనిషి, గోడమీద పిల్లి, ఎటు గాలి వీస్తే అటు. రాజకీయాల్లోకి వెళితే ఇంకా దొరుకుతాయి. 1967లో హర్యానాలో గయాలాల్ అనే శాసనసభ్యుడు పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారి, దేశానికంతటికీ ‘ఆయారామ్ గయారామ్’ అనే మాట మిగిల్చి వెళ్ళాడు. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చింది. ఆ మాట మాత్రం పాతబడలేదు. ఇంగ్లీషువాళ్ళు ఇదే తిట్టు కోసం ఒక పరికరాన్ని వాడుకున్నారు. వెదర్‌కాక్. చర్చి శిఖరం మీద కడ్డీకి గుచ్చిన రేకు కోడిపుంజు. గాలి మారినప్పుడల్లా గిర్రున తిరుగుతుంది కాబట్టి దానికి సిగ్గూ శరమూ లేవని వాళ్ళ అభిప్రాయం.

గాలి దిక్కు చూపించే రేకుని వేన్ అంటారు. తెలుగులో దీనికి అందరి నోటా నలిగిన మాట లేదు, మన ఇళ్ళ కప్పుల మీద ఆ వస్తువే లేదు కాబట్టి. నా మటుకు నేను గాలికోడి అనుకుంటాను. ఇంగ్లీషు వేన్‌కి మూలం జెండా అనే అర్థమున్న ఒక పాత మాట. జర్మన్‌లో ఇప్పటికీ ఫానె అంటే జెండాయే. జెండా గుడ్డ నుంచి మొదలైన ఆ మాట తర్వాత చాలా చోట్లకి పాకింది. బాణం తోకకి కట్టిన ఈకలు వేన్‌లు. పక్షి ఈకలో కాడకి అటొకటి ఇటొకటి ఉండే పలకలు వేన్‌లు. జలవిద్యుత్ కేంద్రంలో నీటిని మళ్ళించే రెక్కలు, జెట్ ఇంజన్ లోపల కదలకుండా నిలబడి గాలిని తిప్పే బ్లేళ్ళు, ఇవీ వేన్‌లే.

ఈ వేన్‌ల గోల నా నెత్తికి ఎక్కడానికి కారణం ఒక ఉత్తరం. కిందటేడు ఒక నవల మీద నేను రాసిన సమీక్ష చదివి, వయసులో పెద్దాయన, చాలాకాలంగా నా వ్యాసాలు చదువుతున్న ఆయన, ఈమెయిల్ రాశారు. “ఇదే నవలని ఎనిమిదేళ్ళ క్రితం మీరే నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు మీరే తూర్పారబట్టారు. అప్పటి గాలి అటు, ఇప్పటి గాలి ఇటు. విమర్శకుడికి ఉండాల్సింది వెన్నెముక, గాలికోడి మెడ కాదు.” అంతే ఉత్తరం. కింద ఆశీస్సులు కూడా ఉన్నాయి. నేను వెంటనే జవాబు రాయలేదు. కోపం వచ్చి కాదు. ఆయన వాడిన పోలిక దగ్గరే ఆగిపోయాను. గాలికోడి మెడ ఎటు తిరుగుతుంది అసలు?

ఇంజనీరింగు చదివిన వాళ్ళకి కూడా అడగ్గానే ఒక్క క్షణం తడబాటు కలిగించే ప్రశ్న ఇది. గాలి పడమట నుంచి వీస్తుంటే గాలికోడి ముక్కు ఎటు ఉంటుంది? గాలితో పాటు తూర్పుకి కొట్టుకుపోతుందని అనిపిస్తుంది. ఉండదు. ముక్కు పడమటికే ఉంటుంది, గాలి వస్తున్న వైపుకి, గాలికి ఎదురుగా. తూర్పుకి ఉండేది తోక. ఇరుసుకి ఒక పక్క చిన్న ముక్కు, రెండో పక్క వెడల్పాటి తోక. గాలి ఎక్కువ వైశాల్యం మీద ఎక్కువ తోస్తుంది కాబట్టి తోక అవతలికి పోతుంది, ముక్కు ఇవతలికి వచ్చి నిలబడుతుంది.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. ముక్కువైపూ తోకవైపూ వైశాల్యాలు అసమానంగా ఉండాలి కానీ, బరువులు మాత్రం ఇరుసుకి రెండు పక్కలా సమతూకంగా ఉండాలి. అందుకే మంచి వేన్‌లకి ముక్కు దగ్గర చిన్న సీసపు గుండో ఇత్తడి గుండో బిగిస్తారు. బరువు ఒక పక్కకి మొగ్గితే, స్తంభం రవ్వంత ఒరిగినా చాలు, నెమ్మదైన గాలిలో ఆ రేకు గాలి చెప్పే దిక్కు వదిలేసి తన బరువు చెప్పే దిక్కుకి వాలిపోతుంది. అంటే గాలికి స్పందించాలి, తన బరువుకి స్పందించకూడదు. ఎన్ని సమీక్షలు చదివినా ఇంత శుభ్రమైన నిర్వచనం నాకు కనిపించలేదు.

పాతకాలం వాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. ఏథెన్స్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్న ఎనిమిది ముఖాల పాలరాతి కట్టడం ఒకటుంది, గాలుల గోపురం. ఆండ్రొనికస్ అనే ఖగోళవేత్త కట్టించినది. ఒక్కో ముఖం మీద ఒక్కో గాలి దేవుణ్ణి చెక్కారు. దాని పైన కంచుతో చేసిన ట్రైటన్ బొమ్మ ఉండేదనీ, గాలికి తిరుగుతూ, చేతిలోని కడ్డీతో ఆ సమయంలో వీస్తున్న గాలి బొమ్మని చూపించేదనీ రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ రాశాడు. గాలి ఎటు పోతోందన్నది ఆ బొమ్మ చూపించలేదు. ఎవరు వచ్చారన్నది చూపించింది. మనమూ అంతే కదా. పడమటిగాలి అంటే పడమట నుంచి వచ్చేది. నీరు ఎటు పారుతుందో చెబుతాం, గాలి ఎటు నుంచి వచ్చిందో చెబుతాం. వాతావరణ శాఖ లెక్కల్లోనూ 270 డిగ్రీల గాలి అంటే పడమట నుంచి వీచేదే. విమానాలు కూడా ఆ లెక్కనే నమ్ముకుంటాయి. శంషాబాద్‌లో రన్‌వేల మీద ఒక కొసన 09 అని, రెండో కొసన 27 అని రాసి ఉంటుంది, 90 డిగ్రీలు, 270 డిగ్రీలు అని. నైరుతి రుతుపవనాల రోజుల్లో పడమటిగాలి కొడుతుంటే విమానం పడమటికి మొహం పెట్టి పరుగెత్తి లేస్తుంది. వాలుగాలిలో లేవడం కష్టం, ఎదురుగాలిలో తేలిక.

గాలివాటం అనే తిట్టు ఎండుటాకుకి సరిపోతుంది, తెగిన గాలిపటానికి సరిపోతుంది. ఒక చోట నాటుకుని గాలికి మొహం పెట్టి నిలబడేదానికి సరిపోదు. పెద్దాయనకి ఈ మాట రాసి ఊరుకోవచ్చు. కానీ అది మాటకారితనం అవుతుంది. ఆయన అడిగింది రేకు గురించి కాదు.

తూర్పారబట్టారు అన్నారు ఆయన. ఆ మాటా గాలి మాటే. ఇప్పుడు దాన్ని పత్రికలవాళ్ళు ‘తీవ్రంగా విమర్శించారు’ అనే అర్థంలో వాడి వాడి అరగదీశారు. కళ్ళంలో అది చేసేది తిట్టే పని కాదు. నూర్చిన ధాన్యాన్ని చేటలోకి ఎత్తుకుని, ఎత్తు మీద నిలబడి, గాలికి అడ్డంగా కొంచెం కొంచెంగా జారవిడుస్తారు. గట్టి గింజ కాళ్ళ దగ్గరే రాశిగా పడుతుంది. తాలు, పొట్టు, గడ్డి తుంపులు దూరంగా పోయి పడతాయి. చేట ఎత్తే ముందు మా తాతయ్య నాలుగు పొట్టు పరకలు వేళ్ళతో నలిపి వదిలి చూసేవాడు, ఎటు పోతున్నాయా అని. తన కాళ్ళు ఎటు పెట్టాలో దాన్ని బట్టి. గాలి పడిపోతే చేట దించి కూర్చునేవాడు. గాలి లేనప్పుడు తూర్పారబడితే గింజా తాలూ ఒకే చోట పడతాయి, చేసిన పని మళ్ళీ చేసుకోవాలి.

ఈ తూర్పు, సూర్యుడు పొడిచే తూర్పు ఒకటేనని చాలామంది అనుకుంటారు. తమిళంలో తూఱ్ఱు అనే క్రియ ఉంది, కన్నడంలో తూరు ఉంది, రెండిటికీ ఇదే పని అర్థం. మన తూర్పెత్తడం వాటి చుట్టమే, దిక్కుతో పని లేదు. తమిళ క్రియకి ఇంకో అర్థం కూడా ఉంది, నలుగురిలో నింద వేయడం. అంటే ధాన్యాన్ని గాలికి పట్టడమూ మనిషిని దుమ్మెత్తిపోయడమూ ఒకే మాటలో ఇమడడం ఇవాళ్టి పత్రికల పుణ్యం కాదు, పొరుగు భాషలోనూ ఉన్నదే. నేను రాసేది ఏ అర్థంలో తూర్పారబట్టడం అనేది మాత్రం ప్రతి వ్యాసానికీ వేరుగా తేలాల్సిన విషయం. కాళ్ళ దగ్గర గింజల రాశి మిగిలిందా లేదా అన్నదే గుర్తు.

విమర్శ రాసేవాళ్ళ మీద పడే ఇంకో మాట ‘పుంఖానుపుంఖాలుగా రాయడం’. ఇందులో వేన్ దాక్కుని ఉంది. పుంఖం అంటే బాణం వెనక ఈకలు కట్టే భాగం, తెలుగులో పింజ. ఒక బాణం పింజని వెనకొచ్చే బాణం తాకేటంత దగ్గర దగ్గరగా వేస్తే అది పుంఖానుపుంఖం. పింజలోని ఈకలకీ గాలికోడి తోకకీ సూత్రం ఒకటే. బరువు ముందు ములుకు వైపు, వైశాల్యం వెనక ఈకల వైపు. బాణం కాస్త వంకర తిరిగితే, గాలి ఆ ఈకలని నెట్టి మళ్ళీ దారిలో పెడుతుంది. తేడా ఏమిటంటే గాలికోడి నిలబడి ఉంటుంది, దాని మీదుగా గాలి వెళుతుంది. బాణమే గాలిలోకి దూసుకెళుతుంది, కాబట్టి అది చూపించేది తన సొంత దారినే. బయట గాలి ఎటుందో బాణానికి పట్టదు. అలాంటి విమర్శకులు మనకున్నారు. వాళ్ళ వ్యాసం ఏ పుస్తకం మీదైనా ఒకే తిన్ననైన గీత గీస్తుంది. చదవడానికి బాగుంటుంది కూడా. కాకపోతే పుస్తకం సంగతి ఏమీ తెలియదు, విల్లు ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది.

ఇక మూడో రకం వేన్. శ్రీశైలంలోనూ నాగార్జునసాగర్‌లోనూ ఉన్నవి ఫ్రాన్సిస్ తరహా టర్బైన్లు. తిరిగే చక్రం చుట్టూ వలయంగా నిలువు రెక్కలు ఉంటాయి. గైడ్ వేన్‌లు అంటారు. కిటికీకి ఉండే వాలు చెక్కల్లాగా ప్రతి రెక్కా తన ఇరుసు మీద తాను కాస్త తిరగగలదు. అన్నీ ఒకేసారి మూసుకుంటే చక్రానికి నీళ్ళు ఆగిపోతాయి, తెరుచుకుంటే పారతాయి, మధ్యలో ఎక్కడ ఆపితే నీరు ఆ మేరకు, ఆ కోణంలో చక్రాన్ని తాకుతుంది. గాలికోడిని ప్రవాహం తిప్పుతుంది. వీటి దగ్గరకి వచ్చేసరికి ఇవే ప్రవాహాన్ని తిప్పుతాయి.

సాహిత్యంలో కొంతకాలం గడిపిన ప్రతివాడికీ గైడ్ వేన్ అవ్వాలని ఉంటుంది. ఏది చదవాలో ఏది చదవక్కర్లేదో చెప్పి, పాఠకుల్ని సరైన కోణంలో మళ్ళించాలని. కానీ టర్బైన్ దగ్గర నిలబడి చూస్తే ఆ రెక్కలకి సొంత అభిప్రాయమేమీ ఉండదు. వాటిని కదిలించేది గవర్నర్. గవర్నర్ చూసేది చక్రం వేగాన్ని, అంటే గ్రిడ్ ఫ్రీక్వెన్సీని, మన దేశంలో 50 హెర్ట్జ్. ఊళ్ళో వాడకం పెరిగితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, రెక్కలు ఇంకాస్త తెరుచుకుంటాయి. వాడకం తగ్గితే మూసుకుంటాయి. నీటికి దారి చూపిస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, అవి వినేది గిరాకీ మాట.

నా ఉద్యోగం సరిగ్గా ఇదే. పగలంతా నేను రాసే కోడ్ పని, ఒక అమ్మకాల సైట్‌లో ఎవరికి ఏ వస్తువు పైన కనిపించాలో తేల్చడం. అందులో పుస్తకాలు కూడా ఉన్నాయి. ఎవరు దేని దగ్గర ఎన్ని సెకన్లు ఆగారు, ఏది కొన్నారు, ఏది తిప్పి పంపారు, ఇవన్నీ గవర్నర్‌కి అందే సంకేతాలు. రెక్కలు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఆ పనిలో నాకు సిగ్గు పడేదేమీ కనిపించదు. నీళ్ళు పారితేనే దీపం వెలుగుతుంది. కానీ రాత్రి కూర్చుని పుస్తకం మీద రాసేటప్పుడు కూడా అదే రెక్క పని చేయాలంటే నాకు మనసొప్పదు. పగలు గిరాకీని బట్టి ప్రవాహాన్ని తిప్పిన చేత్తోనే, రాత్రి కనీసం ఈ గాలి ఎటు నుంచి వస్తోందో చెప్పగలిగితే చాలు అనిపిస్తుంది.

అది కూడా తేలికేమీ కాదు. మా టీమ్‌లో కొత్తగా చేరేవాళ్ళకి సరదాగా ఒక లెక్క ఇస్తుంటాను. గాలిమరల మీద వేన్‌లు ఉంటాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద కనిపించే పెద్ద గాలిమరల్లాంటివే అనుకోండి. పైన ఉన్న పెట్టె వీపు మీద చిన్న వేన్ ఉంటుంది. అది చెప్పిన దిక్కుకి మొత్తం తలనీ రెక్కలనీ మోటార్లు నెమ్మదిగా తిప్పుతాయి. ప్రతి చిన్న విసురుకీ తిప్పితే పళ్ళచక్రాలు అరిగిపోతాయి, అందుకని కాసేపటి సగటు తీసుకోవాలి. సరే, వేన్ ఒకసారి 350 డిగ్రీలు చూపించింది, ఇంకోసారి 10 డిగ్రీలు చూపించింది. సగటెంత? రెండూ కూడి రెండుతో భాగిస్తే 180. అంటే దక్షిణం. రెండుసార్లూ గాలి వచ్చింది ఉత్తరం నుంచి, అటు పది, ఇటు పది. సగటు మాత్రం నిక్షేపంగా వెనక్కి తిరిగి నిలబడింది.

సరైన పద్ధతి వేరే. ప్రతి కొలతనీ ఒక బాణంగా గీసి, ఆ బాణాలని ఒకదాని కొసకి ఒకటి కలుపుకుంటూ పోవాలి. మొదటి నుంచి చివరికి గీసిన గీత దిక్కే సగటు దిక్కు. అలా చేస్తే ఉత్తరం వస్తుంది. ఇందులో నాకు నచ్చే సంగతి ఆ గీతకి పొడవు కూడా ఉండడం. ఆ పొడవుని కొలతల సంఖ్యతో భాగిస్తే, 350కీ 10కీ 0.98 వస్తుంది, దాదాపు ఒకటి. కొలతలు ఒకే మాట మీద ఉన్నాయని అర్థం. ఒక కొలత నిక్కచ్చిగా తూర్పు, ఇంకోటి నిక్కచ్చిగా పడమర అయితే పొడవు సున్నా. అప్పుడు దిక్కు అడగకూడదు. అడిగినా జవాబు లేదు.

సైట్లలో పుస్తకాల కింద కనిపించే నక్షత్రాలకి ఆ పొడవు ఉండదు. సగం మంది అయిదు ఇచ్చి, సగం మంది ఒకటి ఇచ్చిన పుస్తకానికి మూడు నక్షత్రాలు పడతాయి. మూడు ఇచ్చినవాడు ఒక్కడూ లేడు. గాలి వీయని దిక్కుకి ముక్కు పెట్టి నిలబడింది ఆ సంఖ్య. మనం రాసే కొన్ని వ్యాసాలు కూడా ఇలాగే ఉంటాయి. కొన్ని సుగుణాలు, కొన్ని లోపాలు, మొత్తానికి చదవదగ్గది. ఆ వ్యాసం రాసిన మనిషి పుస్తకం చదువుతూ ఒక్క పేజీ దగ్గరైనా అలా అనుకుని ఉండడు. ఒక పేజీ దగ్గర లేచి నిలబడి ఉంటాడు, ఇంకో పేజీ దగ్గర పుస్తకం మూసేసి ఉంటాడు. రెండిటినీ కూడి రెండుతో భాగించాడు.

నా రెండు సమీక్షలనీ కూడి రెండుతో భాగించమని పెద్దాయన అడగలేదు, నిజమే. రెండిటిలో ఒకటి అబద్ధం కావాలన్నది ఆయన వాదన. ఆ నవల పేరు ఇక్కడ అక్కర్లేదు. ఊరు విడిచి నగరానికి వచ్చిన కొడుకు కథ. ఇరవై ఏడేళ్ళప్పుడు, నలుగురం కలిసి ఉన్న ఒక అద్దె గదిలో, రెండు రాత్రుల్లో చదివాను. ఊరి మీద అతని కోపం, ఆ కోపం కింద ఉన్న దిగులు, అవి నావే అన్నట్టు రాశాను. కిందటేడు మళ్ళీ చదివాను. కోపం అక్కడే ఉంది, వన్నె తగ్గలేదు. ఈసారి కొత్తగా కనిపించింది తల్లి. మూడొందల చిల్లర పేజీల నవలలో ఆవిడ అన్నం పెడుతుంది, గుమ్మంలో నిలబడుతుంది, కళ్ళు తుడుచుకుంటుంది. పూర్తి వాక్యం ఒక్కటి మాట్లాడదు. రెండో సమీక్ష ఆ మౌనం గురించి.

ఈ ఎనిమిదేళ్ళలో తెలుగులో స్త్రీ పాత్రల గురించి మాట్లాడడం పెరిగింది, ఆ గాలి తగిలి ఇతను ఇటు తిరిగాడు, అని ఆయన లెక్క. తగల్లేదని చెప్పను. అయితే గాలి తగిలే దిక్కుకీ గాలి పుట్టించే చోటుకీ సంబంధం మనం అనుకునేంత సూటిగా ఉండదు. ఈ సంగతి మన కోస్తా వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా తీరం దాటింది. మా చిన్నమ్మ అప్పుడు అక్కడే ఉంది. పొద్దుటి నుంచీ ఈశాన్యం వైపు కిటికీలు బద్దలయ్యేలా కొట్టిన గాలి, మధ్యాహ్నం ఉన్నట్టుండి పడిపోయిందట. జనం బయటికి వచ్చి పడిపోయిన చెట్లు చూసుకుంటున్నారు. “అయిపోయిందిరా అనుకున్నాం, అప్పుడు వెనకవైపు వంటింటి తలుపు ఊడి లోపలికొచ్చింది,” అంటుంది చిన్నమ్మ ఇప్పటికీ. తుపాను కన్ను వాళ్ళ మీదుగా వెళ్ళింది. కన్ను దాటాక గాలి సరిగ్గా వ్యతిరేక దిక్కు నుంచి, నైరుతి నుంచి మొదలైంది. వాళ్ళ డాబా మీద ఒక గాలికోడి ఉండి, విరక్కుండా నిలబడి ఉంటే, ఆ ఒక్కరోజులో సగం చుట్టు తిరిగి ఉండేది. దాన్ని నిలకడ లేనిది అనగలమా? తిరగకుండా బిగుసుకుపోయి ఉంటే కదా అబద్ధం చెప్పినట్టు.

తుపాను గాలి సుడి తిరుగుతుందని పడవలవాళ్ళకి నేర్పడానికి కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన 1848లో ఒక పుస్తకం వేశాడు. సైక్లోన్ అనే మాట ఆయన పెట్టిందే. చుట్ట చుట్టుకున్న పాముని తలపించే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. పుస్తకంతో పాటు, కొమ్ముని పల్చటి రేకుగా చేసి దాని మీద సుడి గీసిన బిళ్ళలు ఇచ్చాడు. ఓడ మీద ఉన్నవాడు వేన్‌ని చూసి, బిళ్ళని సముద్రపటం మీద పెట్టి తిప్పుకుంటే తుపాను మధ్యభాగం ఎక్కడుందో అంచనాకి వస్తుంది. 1857లో డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ దీన్నే ఒక్క ముక్కలో చెప్పాడు. భూమధ్యరేఖకి ఉత్తరాన, గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం నీ ఎడమచేతి వైపు ఉంటుంది. విశాఖలో పొద్దున గాలి ఈశాన్యం నుంచి. వీపు దానికి పెడితే మొహం నైరుతికి, ఎడమచేయి ఆగ్నేయానికి. తుపాను అప్పుడు ఉన్నది అటే, సముద్రంలో. గాలి వస్తున్న దిక్కులో వెతికితే దొరకదు. దాదాపు లంబకోణం తిరగాలి.

అంతే కాదు, ఒకే తుపానుకి రెండు ఊళ్ళలో వేన్‌లు రెండు రకాలుగా తిరుగుతాయి. తూర్పు నుంచి తీరానికి వస్తున్న తుపాను దారికి కుడిపక్కన ఉన్న ఊళ్ళో, గాలి ఈశాన్యం నుంచి తూర్పుకి, ఆగ్నేయానికి మారుతుంది. ఎడమపక్కన ఉన్న ఊళ్ళో ఉత్తరానికి, వాయవ్యానికి మారుతుంది. మొదటి ఊరికి గాలి సముద్రాన్ని వెంటబెట్టుకుని వస్తుంది, రెండో ఊళ్ళో నేల మీంచి సముద్రంలోకి పోతుంది. 1977 నవంబర్ 19న తుపాను చీరాల దగ్గర దాటితే, ఉప్పెన దివిసీమని ముంచెత్తింది. దివిసీమ ఆ దారికి కుడిపక్కన ఉంది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు.

నేను ఆ నవలని మొదటిసారి చదివినప్పటికీ, రెండోసారి చదివినప్పటికీ మధ్య మా నాన్న పోయారు. అమ్మ మా ఇంటికి వచ్చింది. ముప్పై ఏళ్ళు చూసిన మనిషి, మొదటి నెల రోజులు నాకు కొత్తగా ఉండేది. పొద్దున్నే పేపరు చదివి సంపాదకీయం మీద అభిప్రాయం చెప్పేది. మా కాలనీ నీళ్ళ ట్యాంకర్ వాడితో లెక్క తేల్చేది. ఒక రాత్రి భోజనాల దగ్గర, నాన్న ఊళ్ళో పొలం అమ్మిన ఏడాది గురించి ఏకబిగిన అరగంట మాట్లాడింది, ఎవరు ఎంతకి అడిగారు, తను ఎందుకు వద్దంది, ఎవరూ ఎందుకు వినలేదు. కంచంలో చెయ్యి ఆరిపోయింది నాకు. ఇవన్నీ ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉన్నాయి. మా ఇంట్లో గాలి ఇంకోవైపు నుంచి వీచేది కాబట్టి మాకు వినపడలేదు. ఆ తర్వాత నవల తెరిస్తే, గుమ్మంలో నిలబడి ఉన్న తల్లి దగ్గర నా చూపు ఆగిపోయింది. పెద్దాయన సిద్ధాంతాల వైపు చూశారు, నా మొహం అటు ఉంది కాబట్టి. అల్పపీడనం లంబకోణంలో ఉంది, వంటింట్లో.

అందుకని రెండు సమీక్షల్లో దేన్నీ నేను వెనక్కి తీసుకోను. పొద్దున ఈశాన్యం అని రాసిన వాతావరణ కేంద్రం, సాయంత్రం నైరుతి అని రాసేటప్పుడు పొద్దుటి కాగితం చింపేయదు. రెండూ ఉంటేనే, ఏ వేళకి ఏదో రాసి ఉంటేనే, తుపాను ఎటు నుంచి ఎటు వెళ్ళిందో రేపు ఇంకొకరు గీయగలరు. పాఠకుడికి నేను బాకీ ఉన్నది మార్పు లేకపోవడం కాదనిపిస్తుంది. గాలికోడి కింద, కడ్డీకి అడ్డంగా, నాలుగు చేతులు కదలకుండా బిగించి ఉంటాయి, తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని. తిరిగే ముక్కుకి అర్థం వచ్చేది వాటి వల్లే. అవి కూడా కోడితో పాటు తిరిగితే ఆ పరికరం పాత ఇనుముకి వేయడానికి తప్ప పనికిరాదు. విమర్శకుడిలో కదలకూడనివి ఏవో అవి కదలకూడదు. పుస్తకం పూర్తిగా చదవడం, రాసినవాళ్ళ పేరు చూసి తూకం మార్చకపోవడం, ఎక్కడ నిలబడి చదివాడో దాచకపోవడం. నా పట్టికలో ఇంతకన్నా పెద్ద మాటలు లేవు. మిగతాదంతా ఇరుసు మీద తేలిగ్గా తిరగాల్సిందే, తుప్పు పట్టకుండా నూనె వేస్తూ.

ఆయనకి చివరికి రెండు వాక్యాల జవాబు రాశాను. రెండు వ్యాసాల కిందా తేదీలు ఉన్నాయనీ, ఆ తేదీలతో కలిపి చదవమనీ. ఆయన ఒక వారానికి రాశారు. వాళ్ళావిడకి ఆ నవల ఇచ్చి చదివించారట. ఆవిడ ఏమన్నారో మాత్రం రాయలేదు. అడగాలని ఉంది.